పొయ్యి వెలిగించని పూట

సలాడ్‌కి తెలుగులో మాట లేదంటారు. ఆ మాట లాటిన్‌లో ఉప్పుకున్న పేరులోంచి వచ్చింది. ఉప్పు వేసిన ఆకులు అన్నది దాని మొదటి అర్థం. మనకి పచ్చడి అనే మాట ఉంది. అందులో 'పచ్చి' పైకే వినిపిస్తుంది. వాళ్ళు పైన వేసిన వస్తువును బట్టి పేరు పెట్టుకున్నారు, మనం కూర ఉన్న స్థితిని బట్టి పెట్టుకున్నాం. తర్వాత్తర్వాత మన పచ్చళ్ళలో చాలా భాగం మూకుట్లో మగ్గి గానీ రోట్లోకి వెళ్ళడం మానేశాయి. వంకాయ కాల్చాలి, గోంగూర వేయించాలి, టమాటా ఉడకాలి. పేరులో మాత్రం పచ్చిదనం ఉండిపోయింది.

ఇప్పుడు మనవాళ్ళకి సలాడ్ అంటే ఫంక్షన్ హాల్లో బఫే మొదట్లో పెట్టే పళ్ళెం. చక్రాలుగా తరిగిన కీరా, ఉల్లిపాయ, నిమ్మచెక్కలు, అంచున నాలుగు పచ్చిమిరపకాయలు. దాన్ని ఎవరూ వంటకాల్లో లెక్కపెట్టరు. అది కాకపోతే డాక్టరు రాసిచ్చినందుకు తినేది. అలంకారమో, పథ్యమో. ఈ రెంటికీ మధ్య, ఇష్టపడి చేసుకుని తినేది అనే చోటు దానికి మన ఇళ్ళలో దొరకలేదు.

అలాగని మనం పచ్చివి తినమా అంటే, తింటాం. చైత్రమాసం మొదటి తొమ్మిది రోజుల్లోనే రెండుసార్లు తింటాం. పాడ్యమి నాడు ఉగాది పచ్చడి: వేపపువ్వు, మామిడికాయ ముక్కలు, కొత్త చింతపండు, కొత్త బెల్లం, ఉప్పు, కారం. నవమి నాడు వడపప్పు: నానబెట్టిన పెసరపప్పులో కొబ్బరి కోరు, మామిడి తురుము, పచ్చిమిర్చి, కొత్తిమీర. పక్కన పానకం. వీటిలో దేనికీ పొయ్యి అక్కర్లేదు. పండగ పేరు పక్కన పెట్టి చూస్తే రెండూ ఆ ఋతువులో దొరికే సరుకుతో చేసే సలాడ్లే.

కానీ దోసిట్లో తీసుకునే ప్రసాదం వేరు, విస్తట్లో తినే భోజనం వేరు. భోజనం అంటే అన్నం, అన్నం అంటే ఉడికినది. ఉడికేదాకా అది బియ్యమే. మడీ ఆచారం పాటించే ఇళ్ళల్లో ఉడికిన అన్నానికి అంటు ఉంటుంది, నానిన పప్పుకి ఉండదు. అంటే నిప్పు తగిలాకే తిండికి ఒక హోదా వస్తుందన్నమాట. మా వైపు ఇళ్ళల్లో పొయ్యి వెలిగించని రోజులు రెండు రకాలు. ఒకటి కటిక ఉపవాసం. రెండోది ఇంట్లో ఎవరైనా పోయిన రోజు. ఆ రోజు పక్కింటివాళ్ళో, చుట్టాలో వండి తెచ్చిపెడతారు.

మా నాన్న 2022 నవంబర్లో పోయారు. అమ్మ తెనాలిలోనే ఉంటానంది. నలభై ఏళ్ళ పాటు రోజూ పప్పు, కూర, పచ్చడి, చారు వండిన మనిషి. నాన్నకి ఇవన్నీ ఉండాల్సిందే, ఒక్కటి తగ్గినా 'ఇవాళ ఒంట్లో బాలేదా?' అని అడిగేవారు. అడగడంలో కోపం ఉండేది కాదు. అందుకే దానికి తిరుగులేదు.

తర్వాత ప్రతి రాత్రీ ఫోన్లో నేను అడిగే మొదటి ప్రశ్న "ఏం తిన్నావమ్మా?" జవాబు ఎప్పుడూ ఒకటే. "ఏదో ఒకటి తిన్నాలేరా." ఆ ఏదో ఒకటి ఏమిటో సెలవుకి వెళ్ళినప్పుడు తెలిసింది. ఆదివారం వండిన పప్పు మంగళవారం దాకా ఫ్రిజ్‌లో. అది అయిపోతే మాగాయ, మజ్జిగ. మాగాయ అయిపోతే ఆవకాయ, మజ్జిగ. కూరలు అమ్మే ఆయన బండి గుమ్మం ముందు ఆగడం మానేసింది, పిలిచేవాళ్ళు లేక. నాలుగు కేజీలు తగ్గింది. షుగరు అంచున ఉందని డాక్టరన్నాడు. ఏమైనా అంటే, "ఒక్కదానికి వంటేమిట్రా" అనేది. దానికి నా దగ్గర సమాధానం లేదు. వంట మనిషిని పెడదామంటే ససేమిరా అంది.

2024 ఏప్రిల్ మొదటి వారంలో మా దగ్గరికి, హైడెల్‌బర్గ్‌కి వచ్చింది. వీసా ప్రకారం 90 రోజులు. మేముండేది నెకార్ నదికి ఉత్తరాన, హాండ్‌షూస్‌హైమ్ అనే పేటలో. ఇళ్ళు అయిపోయిన చోట కూరగాయల తోటలు మొదలవుతాయి. ఏప్రిల్ వచ్చేసరికి రోడ్ల పక్కన చిన్న చిన్న గుడిసెల్లాంటి దుకాణాలు వెలుస్తాయి. అక్కడ ముందు ఆస్పరాగస్, తర్వాత స్ట్రాబెర్రీలు అమ్ముతారు.

జర్మన్లకి ఆస్పరాగస్ మీద ఉన్న మోజు మనకి మామిడిపళ్ళ మీద ఉన్న మోజులాంటిది. వాళ్ళు దాన్ని ష్పార్గెల్ అంటారు. తెల్లదాన్ని మట్టి బోదెలు కట్టి, వెలుతురు తగలకుండా పెంచుతారు. మట్టి పైకి వచ్చి ఎండ తగిలింది ఆకుపచ్చది. ఆనవాయితీ ప్రకారం జూన్ 24న, సెయింట్ జాన్ పండగ రోజున, కోత ఆపేస్తారు. ఆ తర్వాత వచ్చే మొలకల్ని కొయ్యకుండా పెరగనిస్తే, మొక్క వేళ్ళలో వచ్చే ఏడాదికి కావలసిన బలం చేరుతుంది. దొరికినన్నాళ్ళూ తిని, ఇక చాలని ఒక తేదీ పెట్టుకోవడం నాకు నచ్చింది.

అమ్మకి ఆ కాడలు చూపించి, ఇది మన పిల్లితేగల జాతిదే, మందుల్లో వేసే శతావరి ఉంది చూడు, దాని చుట్టమే అన్నాను. "దాని వేళ్ళు కదా వాడతారు, వీళ్ళు మొలకలు తింటున్నారేంటి?" అంది. చేత్తో విరిచి చూసి, "లేతగానే ఉంది" అని ఒప్పుకుంది. విరవడం సరైన పరీక్షే. కోసిన దగ్గర్నుంచీ ఆ కాడలో తీపి తగ్గుతూ, మొదలు వైపు పీచు గట్టిపడుతూ పోతుంది. విరిచినప్పుడు టప్పుమంటే తాజాదని లెక్క.

బజార్లో అమ్మతో తిరుగుతుంటే రెండు వసంతాలకీ తేడా తెలిసింది. మనకి కూరగాయల కాలం చలికాలం. సంక్రాంతికి చిక్కుడు, వంకాయ, గుమ్మడి, ముల్లంగి అన్నీ విరగకాస్తాయి. వసంతం వచ్చేసరికి ఎండ ముదురుతుంది, తోటలు తగ్గుముఖం పడతాయి. అప్పుడు వచ్చేవి చెట్ల మీద నుంచి వస్తాయి: వేపపువ్వు, మామిడి, చింతచిగురు. మన వసంతం రుచి చేదు, పులుపు. ఇక్కడ తలకిందులు. చలికాలమంతా నిలవ ఉంచిన దుంపలూ క్యాబేజీలే. అవి అయిపోవచ్చే సమయానికి నేలలోంచి మొదటి ఆకుపచ్చ పైకొస్తుంది. ఎర్రటి చిన్న గుండ్రటి ముల్లంగి, లేత పాలకూర, ఉల్లికాడలు, నూల్‌కోల్, ఆస్పరాగస్. నూల్‌కోల్‌ని మనం అరువు కూరగానే చూస్తాం, ఇక్కడది సొంత ఊరు. కోల్‌రాబీ అన్న పేరే జర్మన్. వీళ్ళ వసంతం రుచి తీపి, దాని వెనక కాస్త ఘాటు. బఠాణీలకి మాత్రం జూన్ దాకా ఆగాలి.

ఋతువుని బట్టి వడ్డన మార్చడం మనకేం కొత్త కాదు. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకి వానాకాలం ఒక రకంగా, ఎండాకాలం ఒక రకంగా, చలికాలం మరో రకంగా భోజనం పెడతాడు. ఎండాకాలం చెరకురసం, లేత కొబ్బరినీళ్ళు, నీళ్ళ మజ్జిగ. చలికాలం మిరియాల ఘాటుతో వేడి కూరలు, ముక్కుకెక్కే ఆవపచ్చళ్ళు. రాయలవారి వంటశాల సంగతి నాకు తెలీదు కానీ, ఆ పద్యాలు రాసినాయన తిండిని కాలంతో కలిపి చూసినవాడు. ఆయన చెప్పిన ఆవ దగ్గరికి మళ్ళీ వస్తాను.

మొదటి వారం నేను రాత్రి భోజనానికి మామూలుగా చేసుకునే సలాడ్ గిన్నె చూసి అమ్మ "ఇది మేకల మేత రా" అంది. ఈ మాట తెలుగు తల్లులందరూ అనేదే కాబట్టి నవ్వేశాం. కానీ ఆ రాత్రి ఆవిడ వంటింట్లోకి వెళ్ళి, ఎవరికీ అక్కర్లేని పాలు కాచింది. మర్నాడూ అంతే. మూడో రోజు మా ఆవిడ అడిగింది, "ఎందుకత్తయ్యా, పొద్దున కాచినవి ఉన్నాయిగా?" అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మీ మావయ్య పోయిన రోజు రాత్రి వంటింట్లోకి వెళ్తే స్టవ్వు చల్లగా ఉందమ్మా. అప్పట్నుంచి దాన్ని అలా చూడబుద్ధి కాదు. పాలైనా కాస్తాను, టీ అయినా పెడతాను" అంది.

అంటే తెనాలిలో రెండు పూటలా స్టవ్వు వెలుగుతూనే ఉంది. దాని మీద వంట ఒక్కటే లేదు.

ఆ ఏడాది శ్రీరామనవమి ఏప్రిల్ 17న వచ్చింది, బుధవారం. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి అమ్మ వడపప్పు కలిపి పెట్టింది. మామిడికాయ దొరక్కపోతే ఫ్రిజ్‌లో ఉన్న నూల్‌కోల్ తురిమి, నిమ్మకాయ పిండిందట. అది వడపప్పులో అంత చక్కగా కుదురుతుందని నేనెప్పుడూ అనుకోలేదు. కరకరలాడుతూ, నీళ్ళూరుతూ, కొంచెం తియ్యగా. రెండోసారి పెట్టించుకుంటూ, "అమ్మా, ఇది సలాడే" అన్నాను. "ఇదేం సలాడ్రా, వడపప్పు" అంది. "అదే కదా నేనూ అంటున్నది" అన్నాను. ఆ శనివారం ఇద్దరం కలిసి దాన్నే పెద్దది చేద్దామని అనుకున్నాం.

చేసింది ఇది. నలుగురు తినొచ్చు, లేదా ముగ్గురు బాగా తినొచ్చు. అర కప్పు పెసరపప్పు రెండు గంటలు నానబెట్టి నీళ్ళు వంపెయ్యాలి. ఒక నూల్‌కోల్ చెక్కు తీసి సన్నటి పుల్లల్లా తరగాలి. ఎర్ర ముల్లంగులు ఎనిమిది, పల్చటి చక్రాలుగా. రెండు ఉల్లికాడలు. లేత పాలకూర రెండు గుప్పిళ్ళు, కడిగి గుడ్డ మీద ఆరబెట్టినవి. ఆకుపచ్చ ఆస్పరాగస్ పావుకిలో. కొబ్బరి కోరు రెండు చెంచాలు. కొత్తిమీర.

దీని మీదకి డ్రెస్సింగ్ కావాలి. ఇక్కడివాళ్ళు నూనె, వెనిగర్ కలవడానికి ఆవముద్ద వేస్తారు. నూనె బొట్లు మళ్ళీ ఒకచోట చేరకుండా ఆవపొడి అడ్డుపడుతుంది, అందుకే ఆ మిశ్రమం విడిపోకుండా కాసేపు నిలుస్తుంది. ఈ సంగతి చెబితే అమ్మ, "సీసాలోది ఎందుకు, నేను నూరతా" అంది. చెంచాడు ఆవాలు, రెండు చెంచాల చల్లటి నీళ్ళతో నూరి, గిన్నె మీద మూతపెట్టి పక్కన పెట్టింది. నేను నిమ్మకాయ తీసుకుంటే, ఆగమంది. "అప్పుడే పులుపు పడితే ఘాటు రాదు. పది నిమిషాలు ఆగు."

ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. ఆవగింజలో ఘాటు ముందుగా ఉండదు. గింజ పగిలి, తడి తగిలినప్పుడు ఒక ఎంజైము పనిచేసి ఘాటుని తయారుచేస్తుంది. పులుపు గానీ వేడి గానీ తగిలితే ఆ ఎంజైము పని అక్కడితో ఆగుతుంది. అరటికాయ కూరకి ఆవపెట్టేటప్పుడు కూర దింపాక కలపడానికి కారణం ఇదే. ముల్లంగి కొరికినప్పుడు నాలుక మీద చురుక్కుమనేది కూడా ఇదే రకం రసాయనం. ఆవాలు, ముల్లంగి, నూల్‌కోల్ మూడూ ఒకే కుటుంబం మొక్కలు. రాయలవారి ఆవపచ్చడీ, ఫ్రెంచివాళ్ళ డిజాన్ సీసా కూడా పనిచేసేది ఈ సూత్రం మీదే. పది నిమిషాలయ్యాక ఆవముద్దలో రెండు పెద్ద చెంచాల నిమ్మరసం, మూడు చెంచాల నువ్వులనూనె, గోలీకాయంత బెల్లం వేసి గిలకొట్టాను.

ఉప్పు వెయ్యబోతే మళ్ళీ ఆపింది. "ముందే వేస్తే నీరొదిలేస్తుంది, తినబోయేటప్పుడు వెయ్యి." ఇదీ నిజమే. ఉప్పు ముక్కలోని నీటిని బయటికి లాగుతుంది, కరకర పోయి గిన్నె అడుగున నీళ్ళు చేరతాయి. నా వంతుగా నేనూ ఒకటి చెప్పాను. పాలకూరని అన్నిటికంటే చివర్న కలపాలి. ఆకు మీద మైనం పొర ఉంటుంది, నీళ్ళని దగ్గరికి రానివ్వదు కానీ నూనెని ఆపలేదు. నూనె లోపలికి దిగితే ఆకు నల్లబడి వాలిపోతుంది. "తామరాకు లాగా అన్నమాట" అంది అమ్మ.

మిగిలింది ఆస్పరాగస్. పల్చగా చీరి పచ్చిగా వెయ్యొచ్చు, నిమిషం సేపు మరిగే ఉప్పునీళ్ళలో వేసి, తీసి చన్నీళ్ళలో ముంచనూ వచ్చు. ఎలా చేద్దామని అడిగాను. "నీళ్ళు పెట్టు" అంది. పెట్టాను. నీళ్ళు మరగడం, కాడలు ఒక్కసారిగా చిక్కటి ఆకుపచ్చకి తిరగడం చూస్తూ నిలబడింది. ఆ రంగు కాపాడాలంటే నిమ్మరసం పళ్ళెంలో వడ్డించాకే తగలాలి. పులుపు ఎక్కువసేపు ఉంటే పత్రహరితంలోని మెగ్నీషియం పోయి, ఊరగాయ ముక్క రంగులోకి వస్తుంది. అదంతా నేను చెబుతున్నాను, ఆవిడ వింటున్నట్టు లేదు. గ్యాస్ కట్టేసే ముందు, "చాలు, వెలిగిందిగా" అంది, తనలో తను అనుకున్నట్టుగా.

తిన్నాం. ముక్కుల్లోకి ఆవ ఎక్కింది, పప్పు పంటికింద మెత్తగా నలిగింది, ముల్లంగి కరకరలాడింది. గిన్నె ఖాళీ అయ్యాక అమ్మ, "బాగుందిరా. ఇప్పుడు కాస్త అన్నం పెట్టు, పెరుగు కలుపుకుంటా" అంది. పెట్టాను.

ఆ మూడు నెలల్లో ఈ సలాడ్‌ని రకరకాలుగా ఓ పదిహేనుసార్లు చేసుంటాం. ఆలోచిస్తే నాకొకటి తోచింది. మన వంట చాలావరకు ఉమ్మడి కుటుంబం కోసం తయారైన వంట. సాంబారు ఒక్కరికి చెయ్యలేం, చేస్తే మూడు రోజులు తినాలి. గుప్పెడు పప్పుకి కుక్కర్ పెట్టినా గిన్నెలు తోముకోవడం మామూలే. పోపుకి నూనె కాగే సమయం ఒకరికైనా పదిమందికైనా దాదాపు ఒకటే. మా ఉద్యోగాల భాషలో చెప్పాలంటే ఖర్చులో స్థిరమైన భాగం ఎక్కువ. మనిషి ఒంటరి అయినప్పుడు ఆ భారం మొత్తం ఒక్కరి మీద పడుతుంది. 'ఒక్కదానికి వంటేమిటి' అన్న మాటని నేను అన్నాళ్ళూ దుఃఖంగానే విన్నాను. అందులో లెక్క కూడా ఉంది. దుఃఖానికి నేను చెయ్యగలిగింది తక్కువ. లెక్కకి మాత్రం జవాబుంది. ఒక ముల్లంగి, అర కీరా, గుప్పెడు నానిన పప్పు. ఒక్కరికైతే ఒక్కరికే సరిపోతుంది, రేపటికి మిగలదు.

వెళ్ళేముందు అమ్మ తన పాత నోటుబుక్కులో దీన్ని రాసుకుంది. మాలతీ చందూర్ వంటల పుస్తకం పక్కన పెట్టుకుని పెళ్ళైన కొత్తలో మొదలుపెట్టిన నోటుబుక్కు అది. నేను గ్రాములూ నిమిషాలూ చెబుతుంటే వాటి జోలికి పోకుండా ప్రతిచోటా 'తగినంత' అని రాసుకుంది. పుస్తకాల మీద నాలుగు ముక్కలు రాసే అలవాటు కొద్దీ ఆ మాట గురించి ఆలోచించాను. తగినంత అంటే ఎంత అని ఎవరూ అడగరు, ఎందుకంటే తినేవాళ్ళు ఎవరో వండేవాళ్ళకి తెలుసు. నాన్నకి తగినంత, పిల్లలకి తగినంత. ఆ పేజీలో రాసిన తగినంత ఎవరికి తగినంతో అమ్మ రాయలేదు, నేను అడగలేదు.

తెనాలి వెళ్ళాక రోజూ చేసుకుంటోందని చెప్పను. మాగాయ, మజ్జిగ పూటలు ఇప్పటికీ ఉన్నాయి. కానీ కూరల బండి మళ్ళీ ఆగుతోంది. వారంలో రెండు మూడుసార్లు పప్పు నానబెడుతోంది. బండి ఆయన కీరా లేతవి ఏరి పక్కన పెడుతున్నాడట. షుగరు అక్కడక్కడే ఉంది. ఒక కేజీ పెరిగింది.

ఈ ఏప్రిల్లో ఒకరోజు తనే ఫోన్ చేసింది. "ఆ పిల్లితేగలు ఇక్కడెక్కడ దొరుకుతాయి? వాటి బదులు లేత దోసకాయ వేశా. నిమ్మకాయ కూడా మానేశా."

"మరి పులుపు?"

"చింతచిగురొచ్చిందిగా. సన్నగా తరిగి కలిపా. రాసుకో."

"ఎంత వెయ్యాలి?"

"ఒక్కరికైతే చిన్న గుప్పెడు చాలు" అంది.